ఆటోమేటిక్ కారుకు క్లచ్ ఉండదా?

ప్రశ్న: ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఏఎంటీ రకం ఆటోమేటిక్ కారు కొన్నాను. శనివారం మాలకొండకు వెళ్తే ఘాట్‌లో బండ్లన్నీ బారులు తీరి ఆగిపోయాయి. కారు వెనక్కి జారుతుంటే యాక్సిలరేటర్ తొక్కుతూ ఆపుకున్నాను, కాసేపటికి కాలిన వాసన. అమ్మినతనేమో ఆటోమేటిక్‌కి క్లచ్చే ఉండదన్నాడు. వెనకే వచ్చిన మా బావ కారూ ఆటోమేటిక్కే, దానికేమీ కాలేదు. నా కారులో ఏదైనా లోపముందా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: అమ్మినతను సగమే చెప్పాడండీ. మీ కారులో లేనిది క్లచ్ పెడల్. క్లచ్ లోపల భద్రంగా ఉంది, ఆ రోజు వాసన కొట్టింది అదే.

ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే, కాకపోతే మీ ఎడమ కాలూ ఎడమ చెయ్యీ చేసే పని కంప్యూటర్ చెప్పినట్టు యాక్చుయేటర్లనే కదిలించే పరికరాలు చేసేస్తాయి. మన దగ్గర 2014లో మారుతి సెలెరియోతో వచ్చింది, ఖర్చు తక్కువ కాబట్టి చిన్న కార్లలో బాగా పాకింది. గేరు మారినప్పుడు తల ఊగుతుందే, అదీ ఇందుకే: క్లచ్ విడిచి మళ్లీ పట్టేదాకా ఇంజన్ బలం చక్రాలకు అందదు. మీరు అప్‌లో యాక్సిలరేటర్‌తో నిలబెట్టినంతసేపూ ఆ క్లచ్ ప్లేటు సగం పట్టి సగం జారుతూ రాసుకుపోతుంది. మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద ఆపడం లాంటిదే, అక్కడ కాలికి తెలుస్తుంది, ఇక్కడ ముక్కుకి తెలుస్తుంది.

మీ బావగారిది బహుశా టార్క్ కన్వర్టర్ రకం. కావలి వాళ్లకి రొయ్యల గుంటలు కొత్త కాదు కదా, ఒక ఏరియేటర్ (గుంటలో నీళ్లను చిలికే రెక్కల చక్రం) నీళ్లను తోస్తున్నప్పుడు ఆ పారుడుకి ఎదురుగా మోటారు లేకుండా వదులుగా తిరిగే ఇంకో రెక్కల చక్రం పెట్టారనుకోండి, దాని రెక్కలూ మెల్లగా తిరగడం మొదలెడతాయి, రెంటికీ మధ్య ఉన్నది నీళ్లే. ఇక్కడ నీళ్లకు బదులు ఆయిల్: ఇంజన్ తిప్పే రెక్కలు ఒకవైపు, గేర్‌బాక్స్‌ను తిప్పే రెక్కలు రెండోవైపు. మధ్యలో స్టేటర్ అని మూడో చక్రం ఉంటుంది. తిరిగొచ్చే ఆయిల్‌ను అది ఇంజన్ తిరిగే వైపే మళ్లిస్తుంది కాబట్టి, బండి కదిలేటప్పుడు తిప్పే బలం రెట్టింపు దాకా పెరుగుతుంది. బ్రేక్ మీద ఆపినా ఆయిల్లోనే జారుతుంది, అక్కడ రాసుకునే ప్లేటు లేదు. (అలాగని యాక్సిలరేటర్‌తో నిలబెడితే ఆయిల్ మరిగిపోతుంది, బావగారికీ చెప్పండి.)

ఈసారి కొండకెళ్తే ఆగిన ప్రతిసారీ బ్రేకే. అంగుళం అంగుళం కదలొద్దు, ముందు కాస్త ఖాళీ దొరికాక ఒకేసారి కదలండి. హ్యాండ్‌బ్రేక్ వేసుకుని యాక్సిలరేటర్ ఇచ్చి, కారు ముందుకు లాగుతోందనిపించాక వదిలితే వెనక్కి జారదు. ఒక్కసారి వాసన వస్తే ప్లేటు పోదులెండి, టెన్షన్ వద్దు. ఇంజన్ అరుస్తున్నా కారు వేగం అందుకోకపోతే మాత్రం మెకానిక్‌కి చూపించండి.

ప్రశ్న: గిద్దలూరు దాటాక నంద్యాల ఘాట్‌లో డౌన్ రాగానే మా ఆయన న్యూట్రల్ వేస్తారు, పెట్రోల్ ఆదా అంటారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కాదండీ, పైగా ప్రమాదం. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజన్లు పెట్రోల్ చిమ్మడమే ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగిపోకుండా పెట్రోల్ పోస్తూనే ఉండాలి. ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడితే అవి కాగిపోతాయి.

ప్రశ్న: బ్యాటరీ దిగితే ఆటోమేటిక్‌ను తోసి స్టార్ట్ చేయొచ్చా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: టార్క్ కన్వర్టర్ కారైతే వీధి వీధంతా వచ్చి తోసినా లాభం లేదు. లోపలి ఆయిల్ పంపు ఇంజన్ తిరిగితేనే తిరుగుతుంది, ఒత్తిడి లేకుండా గేరు పట్టదు. ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు అందుకునే జంపర్ కేబుళ్లు డిక్కీలో వేసుకోండి. షెడ్డుకు చేర్చాల్సి వస్తే తాడు కట్టి లాగించకుండా, కారు మొత్తాన్ని పైకెక్కించుకునే బండినే పిలవండి.