ముందు లాణా సంచి చూడు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

జైసల్మేర్‌లో నర్సరీ బాధ్యత నీకప్పగించారని అక్క ఫోన్‌లో చెప్పింది. సంతోషం. పశువుల మేత పొదల గింజలన్నీ గోనెసంచుల్లో ఒకే గదిలో పడున్నాయని, మొలుస్తాయో లేదోనని టెన్షన్ పడుతున్నావట. ముందు లాణా అనే ఎడారి మేత పొద గింజల సంచి ఎక్కడుందో చూడు. మిగతావి ఆగుతాయి, అది ఆగదు.

లాణా చలికాలంలో పండుతుంది. మామూలు గదిలో ఉంచితే కొన్ని నెలలకే మొలకశక్తి పడిపోతుంది, పైకి మాత్రం ఏ తేడా కనపడదు. అందుకే గింజ చుట్టూ ఉండే ఎండు రెక్కలు నలిపి తీసేసి, పది పదిహేను గింజల్ని బ్లేడుతో కోసి చూడు. లోపల జిలేబీ చుట్టలా పచ్చటి మొలక ఉంటే బాగున్నట్టు. తొక్క ఖాళీగా ఉన్నా, లోపల నల్లబడినా ఆశ వదులుకో. తర్వాత వంద గింజలు తడి బ్లాటింగ్ కాగితం మీద పరుచు. బతికున్నవి రెండు మూడు రోజుల్లోనే చుట్ట విప్పుకుంటాయి. ఎన్ని మొలిచాయో చూసి విత్తన మోతాదు పెంచుకో. విత్తేటప్పుడూ రెక్కలు తీసినవే బాగా మొలుస్తాయి, పైన ఇసుక పలచగా చల్లితే చాలు.

దాచక తప్పకపోతే నీడలో బాగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచు. గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపు, చుట్టూ వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతే. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా పనికొస్తుంది. డబ్బా బయటికి తీసిన వెంటనే మూత తీయకు. గది వేడికి వచ్చేదాకా ఆగు, లేకపోతే చల్లటి గింజల మీద చెమ్మ పడుతుంది. ఆరని గింజల్ని ప్లాస్టిక్ సంచిలో కట్టేవాళ్లని మాత్రం గదిలోకి రానీయకు!

ఝడ్‌బేర్‌ది, అంటే అక్కడి అడవి రేగు పొదది, వేరే తంతు. మన వైపు రేగుటెంక ఎంత గట్టిదో నీకు తెలుసు కదా. గుజ్జు పూర్తిగా కడిగేసి, 17-18 శాతం ఉప్పునీటిలో వేసి, తేలినవి పారబోసెయ్. మునిగినవి మంచినీళ్లతో కడిగి, లోపలి గింజ నలగకుండా టెంక పగలగొట్టి విత్తితే వారంలో మొలకొస్తుంది. టెంకతోనే వేస్తే మూడు నాలుగు వారాలు కూర్చోవాల్సిందే. పగలగొట్టిన గింజ నిలవుండదు, ఏ రోజు పని ఆ రోజే.

ఫోగ్‌ అనే ఇంకో ఎడారి పొద గింజ మొలవడానికి మొండికేస్తుంది. నీకు ఓపికుంటే చెయ్యి. దాని పూలతో అక్కడివాళ్లు చేసే రాయితా మాత్రం తప్పకుండా తిను.

ఇకనుంచి ప్రతి సంచి మీదా ఊరు, కోసిన నెల, సంవత్సరం రాయించు. నెల రాయని లాణా ఎంత చవగ్గా ఇస్తానన్నా కొనకు.

మీ మామయ్య