జీను పక్కకు జారుతుంటే ఏ గర్త్ (జీనును గుర్రం పొట్ట కిందుగా బిగించే బెల్టు) కొనాలి?

మీ గుర్రం మూపు చదును, డొక్క గుండ్రం, ఎక్కుతుంటేనే జీను ఎడమకు తిరిగిపోతోంది, గర్త్ రెండు రంధ్రాలు ఎక్కువ బిగించినా లాభం లేదు అన్నారు కదండీ. ముందు ఆ బిగించడం ఆపండి. గుర్రం వేసే అడుగు పొట్టిదైపోతుంది, జీను మాత్రం జారుతూనే ఉంటుంది.

జీను, దాని కింది ప్యాడ్ వేసి, జీనుకు ఒకవైపు వేలాడే పట్టీ (గర్త్ బకిల్ తగిలించేది) మధ్య రంధ్రం నుంచి పొట్ట కిందుగా అవతలివైపు మధ్య రంధ్రం దాకా టేపుతో కొలవండి. సైజులు మామూలుగా 2 అంగుళాల తేడాతో వస్తాయి. బిగించాక పైన రెండు వైపులా రెండు మూడు రంధ్రాలైనా మిగలాలి.

ఒకవైపే ఎలాస్టిక్ ఉన్న గర్త్ మీకు వద్దే వద్దు. సాగేది ఆ వైపే కాబట్టి లాగుడు సమంగా ఉండదు. రెండు వైపులా ఉన్నదో, అసలు లేనిదో తీసుకోండి. లోపలివైపు నియోప్రీన్ (రబ్బరు లాంటి మెత్తటి పదార్థం) అయితే పట్టు బాగుంటుంది. కానీ చెమట పీల్చదు, దిగగానే కడగకపోతే గుర్రం ముందుకాలి మోచేయి వెనక ఒరిపిడి పుండ్లు రావచ్చు.

జీను ముందుకు కూడా జారుతోందా? గుర్రం ఒంటి మీద గర్త్ కూర్చునే గాడి ముందుకాళ్లకు మరీ దగ్గరగా ఉండొచ్చు. అప్పుడు మధ్యభాగం ముందుకు వంగిన గర్త్ మేలు.

జీనుకు ఒక్కోవైపు మూడు పట్టీలుంటే ముందు నుంచి లెక్కపెట్టి 1, 3 గానీ 1, 2 గానీ వాడండి. 2, 3 చాలా జీన్లలో లోపల ఒకే నేత పట్టాకు కుట్టి ఉంటాయి, అది తెగితే రెండూ పోతాయి. బిగింపు ఒక్కసారిగా వద్దు: కొంచెం బిగించి, పది అడుగులు నడిపించి, మళ్లీ ఒక రంధ్రం. నేల మీంచి కాకుండా ఎత్తు పీట మీంచి ఎక్కండి.

ఎవరెక్కినా ఎప్పుడూ ఒకే వైపుకు జారుతుంటే వెనక కాళ్లలో కుంటు ఉందేమో పశువైద్యుడికి చూపించండి, గర్త్ ఆ తర్వాతే కొనండి.