చూచిరాతకు వీల్లేకుండా డిగ్రీ అసైన్‌మెంట్ ఇవ్వడం ఎలా?

డిగ్రీ ఎకనామిక్స్‌లో 60 మందికి ‘ద్రవ్యోల్బణం: కారణాలు, నివారణ’ అని అసైన్‌మెంట్ ఇస్తే సగానికి పైగా ఒకే నెట్ పేజీ నుంచి వచ్చాయని, కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ కొనాలా అని అడిగారు. ముందు ప్రశ్న మార్చండి. దానికి జవాబు గైడ్‌లో ఉంది, సీనియర్ల కాగితాల్లో ఉంది, చాట్‌జీపీటీ క్షణాల్లో ఇస్తుంది.

దాన్నే ఇలా అడగండి: దగ్గర్లోని రైతుబజారులోనో సంతలోనో ఐదు కూరగాయల ధరలు మూడు వారాలపాటు, వారానికోసారి రాసుకోండి. ఏది పెరిగింది, ఏది తగ్గింది, అమ్మేవాళ్లు ఏం కారణం చెప్పారు, పాఠంలోని డిమాండ్, సప్లై సూత్రం అక్కడ ఎంతవరకు సరిపోయింది? 500 పదాలు చాలు. ఒకే ఊరివాళ్లుంటే కూరగాయలు మార్చి ఇవ్వండి. ధరలు కల్పించి రాసేవాళ్లూ ఉంటారు కాబట్టి రెండో వారమే పట్టిక చూసి సంతకం పెట్టండి.

20 మార్కులూ ఫెయిర్ కాపీకే పెట్టకండి. చాలా అసైన్‌మెంట్లు చెడేది అక్కడే: గడువు ముందు రాత్రి కూర్చుని ఎక్కడిదో దించేస్తారు. ధరల పట్టికకు 4, చదివిన రెండు వ్యాసాల మీద సొంత మాటల్లో రాసిన నోట్సుకు 4, క్లాసులోనే 40 నిమిషాల్లో చేత్తో రాసే డ్రాఫ్ట్‌కు 5, ఫెయిర్ కాపీకి 5, వైవాకు, అంటే రాసినదాని మీద నోటితో అడిగే ప్రశ్నలకు, 2. డ్రాఫ్టులన్నీ పూర్తిగా దిద్దనక్కర్లేదు. మొదటి పేరా చదివి, మార్జిన్‌లో ఒక ప్రశ్న రాసి ఇచ్చేయండి. ఫెయిర్ కాపీలో దానికి జవాబు ఉందో లేదో చూడండి. వైవా మనిషికి రెండు నిమిషాలనుకున్నా రెండు గంటలవుతుంది, అందుకని పీరియడ్ చివర పదేసి మందిని పిలవండి.

సాఫ్ట్‌వేర్ కొన్నా, ఇతర రాతలతో ఎంత కలిసిందో అది చూపే శాతం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. 2018 యూజీసీ నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు, ఆధారం చూపిన ఉటంకింపులను ఆ లెక్కలో కలపరు. పైగా ఇంగ్లీషు పేజీని తెలుగులోకి మార్చి పెడితే చాలాసార్లు దొరకదు. ఏఐ రాతను పడతామనే టూల్స్ నిజాయితీగా రాసినవాళ్లనూ తప్పుపడుతుంటాయి. వాటి మాట మీద సున్నా వేయడం అన్యాయం. క్లాసులో రాసిన డ్రాఫ్ట్ పక్కన పెట్టుకుని చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఆధారం ఎలా చూపాలో ఎవరూ నేర్పక ఎత్తిరాసే పిల్లలు చాలామంది. ఒక పేరా బోర్డు మీద రాసి, దాన్ని కొటేషన్‌లో పెట్టడం, సొంత మాటల్లో చెప్పి రచయిత పేరివ్వడం, నాలుగు పదాలు మార్చి తనదిగా చూపడం, మూడూ పక్కపక్కన రాసి చూపండి. మూడోది కూడా తప్పేనని చాలామందికి అప్పటిదాకా తెలియదు. అసైన్‌మెంట్ ఇచ్చే రోజే ఇందుకు 20 నిమిషాలు కేటాయించండి. పాత కాగితాలు జూనియర్లకు చేరతాయి కనుక వచ్చే ఏడాది కూరగాయల బదులు కిరాణా సరుకులు ఇవ్వండి.