టెక్ సందేహాలు: బోటు ఇంజిన్ పొగ కక్కుతోంది, మొత్తం విప్పాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాన్న మరబోటు సరంగు. బోటులో ఉన్నది ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, 20 ఏళ్లు దాటింది. రెండు నెలలుగా వల లాగేటప్పుడు నల్లటి పొగ దట్టంగా వస్తోంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు తెల్లగా వస్తోంది. మెకానిక్ ఇంజిన్ మొత్తం విప్పి రింగులు (పిస్టన్ చుట్టూ ఉండేవి), లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) మార్చాలంటున్నాడు. వేట నిషేధం రోజుల్లో ఆ పని చేయించేయమంటారా? పొగ వీడియో పంపుతున్నాను.

జవాబు: ఇప్పుడే ఒప్పుకోకండి. రింగులు అరిగి ఉండొచ్చు, కానీ మీరు చెప్పిన గుర్తుల వల్ల అది తేలదు. రింగులు బాగా అరిగితే ఆయిల్ పైకెక్కి కాలుతుంది. పొగ నీలంగా వస్తుంది, ఆయిల్ తరచూ పోయాల్సి వస్తుంది. మీరు ఆ మాటే రాయలేదు.

వీడియో చూశాను. ఫోన్ కెమెరా రంగుల్ని తనంతట తానే సర్దేస్తుంది కాబట్టి తెల్లవారుజామున తీసిన తెల్ల పొగ కూడా నీలంగా కనిపించవచ్చు. ఈసారి తీసేటప్పుడు పొగ పక్కన ఒక తెల్ల గుడ్డ కనిపించేలా పెట్టండి. ఎన్ని వీడియోలు తీసినా నాన్నగారి కళ్లు, ముక్కు చెప్పేదే ఎక్కువ నమ్మొచ్చు.

ముందు నల్ల పొగ సంగతి. కాలడానికి పడిన డీజిల్‌కు సరిపడా గాలి లేకపోతే అది వస్తుంది. మీకు వల లాగే లోడ్ మీదే వస్తోంది కదా, పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. వల లాగుతూ ఉండగా ఇంజిన్ గది మూత తీసి పెట్టండి. పొగ తగ్గితే ఆ గదిలోకి గాలి చాలడం లేదన్నమాట. తగ్గకపోతే ఎయిర్ ఫిల్టర్ చూడండి. తర్వాత వల లేకుండా ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ఇంజిన్ ప్లేటు మీద రాసిన ఆర్‌పీఎం అందుకుంటుందో లేదో చూడండి. అందుకోకపోతే బోటు అడుగున నాచు, గవ్వలు పట్టాయేమో, ప్రొపెల్లర్‌కు వల ముక్క చుట్టుకుందేమో చూడాలి. అలాంటప్పుడు ఇంజిన్ తన శక్తికి మించి ఈడుస్తూ పొగ పెడుతుంది. కొత్త రింగులు వేసినా అదే పొగ వస్తుంది.

అవన్నీ బాగుంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు తీయించి నాజిల్ టెస్ట్ చేయించండి. డీజిల్ సన్నటి తుంపరలా కాకుండా ధారగా కారితే నల్ల పొగ, తెల్ల పొగ రెండూ రావచ్చు. ఫ్యుయల్ పంపు స్క్రూకి వేసిన సీలు తెగి ఉందేమో కూడా చూడమనండి. పవర్ కోసం దాన్ని తిప్పి డీజిల్ పెంచేవాళ్లుంటారు.

తెల్ల పొగకు వాసన చూడాలి. డీజిల్ వాసన వేసి కళ్లు మండితే అది కాలని డీజిల్. ఈ ఇంజిన్లో స్పార్క్ ఉండదు, నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. చల్లటి పాత ఇంజిన్లో ఆ వేడి చాలదు. కాసేపటికి ఆగిపోతే కంగారు లేదు. వేడెక్కాక కూడా వస్తుంటే డీజిల్ చిమ్మే సమయం (ఇంజెక్షన్ టైమింగ్), సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి (కంప్రెషన్) చూడాలి. వాసన లేకుండా గాలిలో ఇట్టే కలిసిపోతే అది ఆవిరి. సైలెన్సర్‌లోకి సముద్రపు నీరు వదిలే బోటైతే కొంత ఆవిరి మామూలే. అది పెరిగితే నీరు తీసుకునే జాలీలో ప్లాస్టిక్ సంచి ఇరుక్కుందేమో, పంపులో నీటిని తోసే రెక్కల చక్రం (ఇంపెల్లర్) అరిగిందేమో చూడండి. చల్లబరచడానికి ఇంజిన్‌లో పోసిన మంచినీళ్లు తగ్గుతున్నా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలలా తెల్లబడినా వేటకు పంపొద్దు. ఇంజిన్ హెడ్ కింద నీరు, ఆయిల్ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు.

ఇవన్నీ అయ్యాకే రింగుల మాట. ఆరు సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ చేసి అంకెలు చూపించమని అడగండి. ఒకటి రెండు సిలిండర్లు మిగతా వాటికంటే బాగా తక్కువ చూపిస్తే, లేదా ఆరూ తక్కువగా ఉంటే అప్పుడు విప్పించండి.

ఒక జాగ్రత్త. ఏ సిలిండర్ పనిచేయడం లేదో తెలుసుకోవడానికి నడుస్తున్న ఇంజిన్‌కు ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి చూస్తారు. ఆ పని మెకానిక్‌కే వదిలేయండి. ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోగలదు. పైకి చిన్న చుక్క గాయమే కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. లోడ్ మీద చేసే పరీక్షలు బోటు ఒడ్డుకెక్కాక కుదరవు. కాబట్టి నాన్నగారు ఆఖరి వేటకు వెళ్లేలోపే వాటిని చేయించి, ఏ రోజు ఏ రంగు పొగ ఎప్పుడు వచ్చిందో నోట్‌బుక్‌లో రాయమనండి. ఇంజిన్ విప్పే ముందు ఆ పుస్తకం మెకానిక్ చేతికివ్వండి.