స్పెయిన్ వెళ్తే హాలీవుడ్ కెమెరామన్ అయిపోతాడా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం ఆఖరి సంవత్సరం. కెమెరామన్ అవుతానంటున్నాడు, అదీ హాలీవుడ్‌లోనట. ‘థోర్: రాగ్నరాక్’కి పనిచేసిన హావియెర్ అగిర్రెసరోబే స్పెయిన్ ఆయనే కాబట్టి, అక్కడ చదివితే తనకీ దారి దొరుకుతుందని వాడి నమ్మకం. ఇంటి మీద లోన్ తీసుకోమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, లోన్ కాగితాల మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. మీవాడు ఎంచుకున్న మనిషి గొప్పవాడే. కాకపోతే ఆయన కథని మీవాడు చివరి నుంచి చదివాడు.

అగిర్రెసరోబే 1948లో ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో, ఐబార్‌లో పుట్టారు. మాడ్రిడ్‌లోని ప్రభుత్వ సినిమా స్కూల్లో చదివారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పనిచేసింది సొంత దేశపు దర్శకుల దగ్గరే. 1992లో విక్టర్ ఎరిసే తీసిన ‘ఎల్ సోల్ దెల్ మెంబ్రిల్లో’ అనే సినిమా ఒకటుంది. ఒక చిత్రకారుడు తన పెరట్లోని పండ్ల చెట్టు బొమ్మ వేస్తుంటాడు, ఎండ రోజురోజుకీ మారిపోతుంటుంది, బొమ్మ పూర్తికాదు. దానికి పనిచేసిన ఛాయాగ్రాహకుల్లో ఈయన ఒకరు. థోర్ కన్నా ముందు దాన్ని చూడమనండి, లైటింగ్ అంటే ఏమిటో తెలుస్తుంది.

బయటి ప్రపంచం ఆయన్ని బాగా గుర్తించింది 2001లో ‘ది అదర్స్’తో. అప్పటికి యాభై దాటాయి. అది ఇంగ్లిష్ సినిమా, హీరోయిన్ నికోల్ కిడ్‌మన్. అయినా దర్శకుడు అమెనాబార్ స్పెయిన్‌వాడే, షూటింగ్ కూడా ఎక్కువగా అక్కడే. వెలుతురు పడని పిల్లలు, ఎప్పుడూ పరదాలు వేసి ఉండే ఇల్లు. కథంతా కెమెరామన్ చేతిలోనే ఉందన్నమాట! అమెరికన్ దర్శకుడు వుడీ అలెన్ బార్సిలోనా వచ్చి తీసిన సినిమా 2008లో విడుదలైంది, దానికీ కెమెరా ఈయనదే. అమెరికాలో ‘ది రోడ్’, ‘ట్వైలైట్’ సినిమాలు ఆ తర్వాతివి. 2017లో థోర్ వచ్చేసరికి వయసు డెబ్బైకి దగ్గర.

దేశాలు తిరిగి పైకొచ్చినవాళ్లు లేరా అంటే ఉన్నారు. బార్సిలోనాలో పుట్టిన కెమెరామన్ నెస్టోర్ ఆల్మెండ్రోస్ క్యూబా, న్యూయార్క్, రోమ్ చుట్టి పారిస్ చేరారు. ‘డేస్ ఆఫ్ హెవెన్’కి ఆస్కార్ అందుకున్నారు. ఆయన్ని కూడా హాలీవుడ్‌కి చేర్చింది చదివిన కాలేజీ పేరు కాదు, పారిస్‌లో ఫ్రెంచ్ దర్శకులు రోమర్, త్రుఫోలకి చేసిన సినిమాలు. ఈ రంగంలో కెమెరామన్‌ని పిలిచేది దర్శకుడే. పిలిచే ముందు చూసేది పాత పనినే.

ఇంకో మాట. స్పెయిన్ సినిమా స్కూళ్లలో పాఠాలు ఎక్కువగా స్పానిష్‌లోనే ఉంటాయి. మీవాడికి స్పానిష్ వచ్చా?

నన్నడిగితే ముందు పూణేలోని ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐకి ప్రయత్నించమంటాను. సినిమాటోగ్రఫీ మూడేళ్ల కోర్సు, ఏ డిగ్రీ అయినా సరే. ‘బాహుబలి’, ‘ఆర్ఆర్ఆర్’ల కెమెరామన్ కె.కె. సెంథిల్ కుమార్ అక్కడ చదివినవారే. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, టెన్షన్ తప్పదు. రాకపోతే హైదరాబాద్‌లోనే ఏదో ఒక కెమెరా టీమ్‌లో అసిస్టెంట్‌గా చేరొచ్చు. మొదట్లో జీతం నామమాత్రం, రాత్రిళ్లు షూటింగులు. కొన్నాళ్లు మీరే ఖర్చులు భరించాల్సి రావచ్చు, అయినా ఇల్లు తాకట్టు పెట్టేంత కాదు. రెండు మూడేళ్లు అలా చేశాక కూడా విదేశీ చదువు కావాలంటే, అప్పుడు చేతిలో షోరీల్, అంటే తన పనిని చూపించే వీడియో, ఉంటుంది, స్కాలర్‌షిప్ అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

ముందైతే బీకాం పాసవ్వమనండి. సబ్జెక్టులు మిగిలిపోయి డిగ్రీ చేతికి రాకపోతే పూణే దారి కూడా మూసుకుపోతుంది.