సీఈఓ అన్న మాటకి ఆఫర్ వదులుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయికి క్యాంపస్‌లో పెద్ద కంపెనీ ఆఫర్ వచ్చింది. పోయిన వారం ఆ కంపెనీ సీఈఓ ఒక సభలో, పెళ్లయిన ఆడవాళ్లు పని మీద మనసు పెట్టరని అన్నారు. పెద్ద గొడవైంది. తను చేరనంటోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: మీ అమ్మాయి కోపం న్యాయమైనదే, చిన్నతనమని కొట్టిపారేయకండి. పైవాడు సభలో అన్న మాటని కింద మేనేజర్ మీటింగులో అనడానికి జంకడు. రేపు ప్రమోషన్ లిస్టు రాసేది ఆ మేనేజరే.

1991లో బ్రిటన్‌లో నగల షాపుల యజమాని జెరాల్డ్ రాట్నర్, తమ షాపులో ఒక వస్తువు అంత చవగ్గా దొరకడానికి కారణం అది చెత్త కావడమేనని వ్యాపారవేత్తల ముందు జోక్ వేశారు. కంపెనీ విలువ దాదాపు 50 కోట్ల పౌండ్లు పడిపోయింది. మరుసటి ఏడాది ఆయన వెళ్లిపోయారు, ఆ తర్వాత కంపెనీ పేరే మార్చారు. జోక్ ఆయనది, మర్నాడు కౌంటర్లో నిలబడి అవే వస్తువులు అమ్మాల్సింది మాత్రం ఉద్యోగులు.

నాకు తెలిసిన ఒకమ్మాయి కస్టమర్ కేర్‌లో ఉండగా వాళ్ల బాస్ మాట ఇలాగే వార్తల్లోకెక్కింది. ఫోనెత్తి పేరు చెప్పగానే "మీ బాస్ అన్నది నీకు ఓకేనా?" అని తగులుకునేవాళ్లట. ఏం జవాబివ్వాలో కంపెనీ ఒక్క ముక్క చెప్పలేదు. మూడో రోజుకి హెడ్‌సెట్ పెట్టుకోవాలంటేనే టెన్షన్ వచ్చేదంది.

అయినా ఇప్పుడే వద్దనుకోకండి. 2013లో పాస్తా కంపెనీ అధిపతి గ్విడో బరిల్లా, స్వలింగ జంటలున్న కుటుంబాన్ని తమ ప్రకటనల్లో చూపించనని రేడియోలో అన్నారు. బహిష్కరణ పిలుపులు వచ్చాయి. ఆయన క్షమాపణ చెప్పారు, బయటివాళ్లతో సలహా బోర్డు వేశారు, కంపెనీలో పద్ధతులు మార్చారు. మీరు చూడాల్సింది అదే. "ఎవరైనా బాధపడి ఉంటే" అని మొదలయ్యే క్షమాపణని నేనైతే లెక్కలోకి తీసుకోను.

అక్కడ మూడు నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఆడవాళ్లు ఇద్దరితో మీ అమ్మాయినే మాట్లాడమనండి. ప్రసూతి సెలవు నుంచి వచ్చినవాళ్లకి పాత టీమే ఇచ్చారా, ఆ ఏడాది ఇంక్రిమెంట్ పడిందా అని అడగమనండి. ఆ రెండిటికీ సూటిగా జవాబు రాకపోతే తను చేరననడంలో తప్పులేదు. అయితే ఆఫర్ కాదన్నాక వేరే ఇంటర్వ్యూలకి పంపుతారో లేదో ప్లేస్‌మెంట్ ఆఫీసులో ముందే కనుక్కోండి.