బంగారం తాకట్టు పెట్టేముందు లియాన్‌కు ఒక మెయిల్ పెట్టించండి

ప్రశ్న: నేను గుంటూరులో గవర్నమెంటు స్కూల్ టీచర్ని. మావారు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తా. ఇద్దరిదీ కలిపి నెలకు లక్షా పది వేలు వస్తుంది. అన్నీ పోను పదిహేను వేలు మిగులుతుంది. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఫ్రెంచ్ అనువాదంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఒక చిన్న అనువాద కంపెనీ 4 నెలల ఇంటర్న్‌షిప్‌కు రమ్మంది. స్టైపెండ్ సంగతి వాళ్ల ఉత్తరంలో ఎక్కడా లేదు. మొత్తం 6 లక్షలు అవుతుందంటున్నారు. మాకు 4 లక్షల ఎఫ్‌డీ, 5 లక్షల చీటీ (50 నెలల్లో 22 కట్టాం), అమ్మాయి పేరున సుకన్య ఖాతా, కొంత బంగారం ఉన్నాయి. మా మరిది మాత్రం 'కంప్యూటరే అనువాదం చేసేస్తుంటే దీనికి ఇంత పోయడం దేనికి' అంటున్నాడు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: టీచర్ గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ స్టైపెండ్ సంగతి ఎక్కడా లేదన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఎఫ్‌డీ, చీటీ, బంగారం తర్వాత చూద్దాం. ముందు ఇది తేలాలి.

ఫ్రాన్స్‌లో ఇంటర్న్‌షిప్ 2 నెలలు దాటితే ఇంటర్న్‌కు కంపెనీ డబ్బు ఇచ్చి తీరాలి. అక్కడి చట్టం అది. దాన్ని వాళ్లు గ్రాటిఫికాసియోఁ అంటారు. కనీసం ఎంత ఇవ్వాలో కూడా ప్రభుత్వమే చెబుతుంది. 2025లో అది గంటకు 4.35 యూరోలు. రోజుకు 7 గంటలు, నెలకు 22 రోజులు లెక్కేస్తే దాదాపు 670 యూరోలు. మీ అమ్మాయిది 4 నెలల ఇంటర్న్‌షిప్ కాబట్టి ఈ డబ్బు తనకు రావాల్సిందే. చిన్న కంపెనీ కదా, ఉత్తరం రాసినవాళ్లు మరిచిపోయి ఉండొచ్చు. ఇండియా నుంచి వచ్చే విద్యార్థికి వర్తించదని అనుకుని ఉండొచ్చు. ఏదైనా సరే, అడిగితేనే తెలుస్తుంది.

మన పిల్లలు ఇక్కడే మొహమాటపడతారు. అవకాశం ఇచ్చినవాళ్లను డబ్బులు అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకుంటారు. మీరు పక్కన కూర్చుని మెయిల్ పెట్టించండి. పెద్ద మెయిల్ అక్కర్లేదు. 'ఇంటర్న్‌షిప్ ఒప్పందంలో గ్రాటిఫికాసియోఁ ఎంత అని రాస్తున్నారో తెలియజేయగలరు' అన్న ఒక్క వాక్యం చాలు. అది ఫ్రెంచ్‌లో మీ అమ్మాయి మనందరికంటే బాగా రాస్తుంది.

ఆ ఒప్పందం మీద మూడు సంతకాలుంటాయి: అమ్మాయిది, యూనివర్సిటీది, కంపెనీది. కంపెనీ పంపిన ఉత్తరం ఒక్కటే ఉంటే వీసా రాదు. పైగా 3 నెలలు దాటుతోంది కాబట్టి లాంగ్ స్టే వీసా కావాలి. దానికి ముందు ఆ ఒప్పందాన్ని ఫ్రాన్స్‌లో ప్రభుత్వ అధికారులు ఆమోదించాలి. కనీసం రెండు నెలల ముందే కంపెనీ దాన్ని పంపుకోవాలి. అంతవరకూ, చవగ్గా వస్తోందని ఎవరు చెప్పినా, విమానం టికెట్ కొనకండి.

ఇక ఖర్చు. నేను కావాలనే యూరోకు 110 రూపాయలు పెట్టి లెక్కేస్తున్నాను. రూపాయి తగ్గినా మీరు ఇబ్బంది పడకూడదని. ఇంకొకరితో పంచుకునే ఇంట్లో ఒక గది 550 యూరోలు, వంట సొంతంగా చేసుకుంటే తిండికి 220, బస్సు, మెట్రో, ఫోనుకు 60. నెలకు 830 యూరోలు. 4 నెలలకు 3,65,200 రూపాయలు. శంషాబాద్ నుంచి రానుపోను టికెట్‌కు 75 వేలు, వీసా, ఇన్సూరెన్సుకు 30 వేలు, చలికోటు, బూట్లు, పెట్టెకు 20 వేలు. అంతా కలిపితే 4,90,200. అనుకోని ఖర్చులకు ఇంకో 60 వేలు ఉంచుకోండి. మీకు ఎవరో చెప్పిన 6 లక్షలు మరీ ఎక్కువేం కాదన్నమాట.

ఇప్పుడు స్టైపెండ్ వచ్చిందనుకుని ఇదే లెక్క మళ్లీ వేద్దాం. నెలకు 670 వస్తే తగ్గేది 160 యూరోలే. 4 నెలలకు 640, అంటే 70,400 రూపాయలు. దానికి టికెట్, వీసా, బట్టల లక్షా ఇరవై ఐదు వేలు, ఆ 60 వేలు కలపండి. 2,55,400. మీ చేతి నుంచి పడేది సగానికి పైగా తగ్గింది. ఇంకో మేలు కూడా ఉంది. యూరోల్లో వచ్చి యూరోల్లోనే ఖర్చయ్యే డబ్బుకు మారకపు రేటుతో పనిలేదు. కాకపోతే స్టైపెండ్ నెలాఖరుకు చేతికొస్తుంది. మొదటి నెల ఖర్చు, 91 వేల చిల్లర, ముందే సర్ది పంపాలి.

గది విషయంలో ఒక సంగతి అమ్మాయికి చెప్పండి. ఫ్రాన్స్‌లో 2018 చట్టంతో బాయ్ మొబిలితే అనే అద్దె ఒప్పందం వచ్చింది. విద్యార్థులకు, ఇంటర్న్‌లకు 1 నుంచి 10 నెలలకు ఫర్నిచర్‌తో సహా ఇచ్చే ఇళ్లకు ఇది వర్తిస్తుంది. ఇందులో ఇంటి ఓనరు అడ్వాన్సు తీసుకోకూడదు. మామూలు ఒప్పందంలో ఫర్నిచర్ ఉన్న ఇంటికి రెండు నెలల అద్దె దాకా అడ్వాన్సు అడగొచ్చు. ఇక్కడే మీకు లక్షా ఇరవై వేల దాకా చేతిలో ఉంటుంది. జామీను ఎవరని ఓనరు అడిగితే వీసాల్ అని ఉచిత గ్యారంటీ ఉంది, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. గది చూపిస్తామంటూ ఇక్కడి నుంచే డబ్బు పంపమనేవాళ్లకు మాత్రం ఒక్క యూరో పంపొద్దు.

ఇప్పుడు మీ డబ్బు దగ్గరికొద్దాం.

ఎఫ్‌డీని రద్దు చేయకండి. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి. మామూలుగా ఎఫ్‌డీలో 90 శాతం దాకా ఇస్తారు, అంటే మీకు 3.6 లక్షలు. వడ్డీ ఎఫ్‌డీ రేటు మీద ఒకటి, రెండు శాతం ఎక్కువ ఉంటుంది, అదీ వాడుకున్నంతకే, వాడుకున్న రోజులకే. స్టైపెండ్ వస్తే, మొదటి నెల సర్దుబాటు కలిపినా మీకు కావాల్సింది మూడున్నర లక్షల లోపే. నెలకు మిగిలే పదిహేను వేలు అందులో జమ చేస్తూ పోతే ఏడాదిన్నరకు కాస్త అటూ ఇటూగా తీరిపోతుంది. నా సలహా మొత్తం ఈ ఒక్క పేరాలోనే ఉంది.

చీటీ ఇప్పుడు పాడొద్దు. ఇంకా 28 నెలలుంది. ఇప్పుడు పాటకు దిగితే బాగా తగ్గించి తీసుకోవాలి, పైగా జామీన్ల కోసం ఇద్దరు ముగ్గురు టీచర్ల చుట్టూ తిరగాలి. ఈ అవసరానికి అంత అక్కర్లేదు.

సుకన్యలో 18 ఏళ్లు నిండాక చదువుకు సగం తీసుకోవచ్చన్న మాట నిజమే. కానీ అడ్మిషన్ లెటర్‌లోనో ఫీజు రసీదులోనో ఉన్న మొత్తం వరకే ఇస్తారు. లియాన్‌లో గది అద్దెకు, తిండికి ఆ రూలు ఒప్పుకోదు. పోస్టాఫీసుకు వెళ్లి తిరగడం తప్ప ప్రయోజనం ఉండదు. ఆ ఖాతాను అలాగే ఉంచండి.

ఎడ్యుకేషన్ లోను గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. చాలా బ్యాంకులు అనుసరించే మోడల్ స్కీములో కోర్సు పూర్తి చేయడానికి అవసరమైన స్టడీ టూర్లు, ప్రాజెక్టు వర్కు, థీసిస్ ఖర్చులకూ లోను ఇవ్వొచ్చని ఉంది. ఈ ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగమని, దీనికి క్రెడిట్లున్నాయని యూనివర్సిటీ రాసిస్తే బ్యాంకు మేనేజరు వింటారు. ఆ కాగితం లేకుండా వెళ్తే పర్సనల్ లోను చేతిలో పెడతారు, దాని వడ్డీ మీకు భారం. కాబట్టి ఆ కాగితం ఎలాగూ తెప్పించండి. అదే సమయంలో యూనివర్సిటీలో విదేశీ వ్యవహారాలు చూసే ఆఫీసులో ఇంకో మాట కూడా అడగమనండి. యూరప్ యూనివర్సిటీలతో ఎరాస్మస్ ప్లస్ (యూరోపియన్ యూనియన్ విద్యా పథకం) ఒప్పందం ఏదైనా ఉందా అని. ఆ పథకంలో 2 నుంచి 12 నెలల ఇంటర్న్‌షిప్‌లకూ డబ్బిస్తారు, కానీ విద్యార్థి సొంతంగా అప్లై చేసుకునేది కాదు, యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉండాలి. విదేశీ విద్యకు ప్రభుత్వాలిచ్చే సాయం ఎక్కువగా డిగ్రీలకే, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మీకు ఏపీజీఎల్‌ఐ (ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) పాలసీ ఉంటుంది, దాని మీద లోను దొరుకుతుంది. ఎఫ్‌డీ చాలకపోతే అప్పుడు చూద్దాం.

డబ్బు పంపేటప్పుడు టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) పడుతుందని ఎవరైనా టెన్షన్ పెడితే పట్టించుకోకండి. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితేనే అది. మీరు ఆ దరిదాపుల్లో లేరు. యూరోలు వేసిన ఫారెక్స్ కార్డు తీసుకుని, నెలనెలా కొంత కొంత లోడ్ చేయండి. ఇక్కడి క్రెడిట్ కార్డు అక్కడ గీకితే 3.5 శాతం దాకా అదనంగా పోతుంది.

బంగారం గురించి చివరికి ఉంచాను. మా అక్క చదువు కోసం మా నాన్న అమ్మ గాజులు నాలుగు బ్యాంకులో పెట్టారు. ఏటా సంక్రాంతి ముందు వెళ్లి వడ్డీ కట్టి, అసలు కట్టలేక, మళ్లీ రాయించుకుని వచ్చేవారు. ఆ పసుపు రంగు రసీదును బీరువాలో పట్టుచీర మడతలో పెట్టేది అమ్మ. ఆరేళ్లు అలా నడిచింది. పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు అమ్మ మట్టిగాజులే నిండుగా వేసుకునేది, ఎవరికీ అనుమానం రాకుండా. అందుకే, ఎఫ్‌డీ లాంటి దారి ఉన్న ఇంట్లో బంగారం బయటికి తీయమని నేను ఎవరికీ చెప్పను.

మీ మరిదిగారి మాట. ఆయన భయం కొట్టిపారేసేది కాదు. మెషీన్ చేసిన అనువాదాన్ని సరిదిద్దే పని ఇప్పుడు అన్ని అనువాద కంపెనీల్లోనూ ఉంది. మందుల కాగితంలో మోతాదు తప్పు పడిందని, కాంట్రాక్టులో ఒక షరతు అర్థం తిరగబడిందని కనిపెట్టాలంటే అటు ఫ్రెంచ్, ఇటు ఇంగ్లిష్ లోతుగా తెలిసిన మనిషి కావాలి. క్లాసులో అది సగమే వస్తుంది. కంపెనీలో సీనియర్ పక్కన కూర్చుని, ఎర్ర గీతలతో తన పేజీ తిరిగొస్తే వస్తుంది. అందుకని ఒప్పందంలో పనులేమిటి, చూసుకునే సీనియర్ ఎవరు అన్నది రాసి ఉండాలి. ఫోన్లెత్తడం, ఇన్‌వాయిస్‌లు టైప్ చేయడం ఉంటే వద్దనండి. రెండున్నర లక్షలు అందుకు పెట్టక్కర్లేదు.

కంపెనీ డబ్బివ్వలేమంటే? 2 నెలలకు కుదించమని అడగొచ్చు. అప్పుడు స్టైపెండ్ తప్పనిసరి కాదు, షార్ట్ స్టే వీసా సరిపోతుంది, అదనపు 60 వేలు కాక 3 లక్షల చిల్లరలో అయిపోతుంది. లేదా ఇది వదులుకుని ఎం.ఏ. అయ్యాక జీతమిచ్చే వాటికి ప్రయత్నించొచ్చు. యూరోపియన్ కమిషన్ బ్లూబుక్ ట్రెయినీషిప్ మార్చిలో, అక్టోబరులో మొదలై 5 నెలలు నడుస్తుంది, డబ్బిస్తారు, యూరప్ బయటివాళ్లకు కొద్ది సీట్లే. ఫ్రాన్స్ బడుల్లో ఇంగ్లిష్ అసిస్టెంట్‌గా అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు 7 నెలల పని ఉంది, అక్కడా జీతం వస్తుంది. ఐక్యరాజ్య సమితి పేరు చూసి మాత్రం తొందరపడొద్దు. సమితి సచివాలయం ఇంటర్న్‌షిప్‌లకు జీతం లేదు, ప్రయాణం, వీసా, బస అన్నీ ఇంటర్నే పెట్టుకోవాలి. సమితి ఆఫీసున్న జెనీవాలో ఆ ఖర్చు మీ ఎఫ్‌డీతో తీరేది కాదు.

మెయిల్ ఈ వారమే వెళ్లాలి. జవాబు రాగానే ఒప్పందం ముసాయిదా నాకు పంపండి. విజయవాడ దాకా రావద్దు, ఆదివారం ఫోన్లో మీరూ అమ్మాయీ ఇద్దరూ ఉండండి, ఒక్కో లైను చదువుకుందాం.